ఊరు నిలబెట్టుకున్న పుస్తకాల షాపు

కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో కెప్లర్స్ అని ఒక పుస్తకాల షాపు ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనన్న శాంతివాది రాయ్ కెప్లర్ 1955లో దాన్ని ప్రారంభించాడు. పేపర్‌బ్యాక్‌లంటే చాలా షాపులకు చిన్నచూపున్న ఆ రోజుల్లో ఆయన వాటినే తెచ్చి అమ్మాడు. కొనకపోయినా కూర్చుని చదువుకోనిచ్చాడు. విద్యార్థులూ, పాటగాళ్ళూ అక్కడే చేరేవారు.

ఊరూరా శాఖలున్న పెద్ద కంపెనీలూ, ఇంటర్నెట్ అమ్మకాలూ వచ్చాక బేరాలు తగ్గి, 2005 ఆగస్టు 31న ఆ షాపు మూతపడింది. ఊరివాళ్ళు ఊరుకోలేదు. షాపు ముందు గుమిగూడారు. కలిగినవాళ్ళు పెట్టుబడి పెట్టారు, తక్కినవాళ్ళు తోచిన సాయం చేశారు. అక్టోబరులో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఇది మనకు కొత్త కాదు. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నుంచి నిలిచి ఉన్నదీ ఇలాంటి అండతోనే.

షాపులో పుస్తకం తిరగేసి, ఇంటికి వెళ్ళి నాలుగు డాలర్లు తక్కువకు ఇంటర్నెట్‌లో తెప్పించుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ నాలుగు డాలర్లూ మిగిలాయి గానీ, మా పిల్లలు నేలమీద కూర్చుని కథలు విన్న మా పేట షాపు మిగల్లేదు. ఈ పండక్కి పిల్లలకు కొనే పుస్తకమేదో మీ వీధి షాపులోనే కొనండి.