వ్యసన విముక్తికి చెవి సూదులు: ఎంతవరకు?

షాబాన్ నెల సగం దాటిందంటే మా వద్దకు ఒక ప్రత్యేకమైన ప్రశ్న రావడం మొదలవుతుంది. అది మస్జిదులో అందరి ఎదుట అడిగే ప్రశ్న కాదు. అసర్ నమాజు ముగిసి జనం వెళ్ళిపోయేవరకు ఆగి, చెప్పులు విడిచే చోట నిలబడి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. “హజ్రత్, మావాడు ఈ రమజాన్‌కైనా మానేస్తానంటున్నాడు, ఏదైనా దుఆ చెప్పండి.” ఏమి మానేస్తాడో పేరు చెప్పరు, మేమూ అడగము. ఈ మధ్య ఆ మాటకు మరొక మాట తోడైంది: “చెవులకు సూదులు గుచ్చితే తాగుడు పోతుందంటున్నారు, నిజమేనా? రోజాలో గుచ్చించుకోవచ్చా?”

మేము వైద్యులము కాము. పిల్లలకు అరబీ వ్యాకరణం, హదీసు బోధించేవారము. అయితే ఒక వార్త చెవిన పడినప్పుడు దానిని మొదట ఎవరు చెప్పారు, ఎవరి నుండి ఎవరు విన్నారు, వారిలో విశ్వసనీయులెవరు అని ఆరా తీయడం మా విద్యలో ప్రధాన భాగం. చెవి సూదుల వార్తను కూడా ఆ విధంగానే పరిశీలించాము.

ఈ వార్తకు మూలం హాంకాంగ్. 1972లో అక్కడ వెన్ అనే నాడీ శస్త్రవైద్యుడు, రోగికి నొప్పి తెలియకుండా చేయడానికి సూదులకు స్వల్ప విద్యుత్తును జోడించి ప్రయోగిస్తున్నారు. ఆ రోగులలో ఒకనికి నల్లమందు అలవాటు ఉన్నది. మందు అందక ఒళ్ళు నొప్పులతో, ముక్కు కారుతూ విలవిలలాడవలసిన ఆ మనిషి, సూదులు గుచ్చిన తరువాత తనకు ఆ బాధ తగ్గిందని చెప్పాడు. వెతికినది ఒకటి, దొరికినది మరొకటి. వెన్ ఆ దారిని వదలక మరికొందరు నల్లమందు, హెరాయిన్ వ్యసనపరులపై పరీక్షించి, 1973లో తన సహచరునితో కలిసి ఆ ఫలితాలను ప్రచురించారు.

అక్కడినుండి ఈ విద్య న్యూయార్క్ నగరంలోని సౌత్ బ్రాంక్స్‌కు చేరింది. అది నిరుపేదల పేట, హెరాయిన్ ఇంటింటినీ కాల్చిన ప్రాంతం. 1970లో అక్కడి నల్లజాతి, ప్యూర్టోరికో యువకులు ప్రభుత్వ వైద్యం తమకు అందడం లేదని లింకన్ ఆసుపత్రిలో ఒక భాగాన్ని ఆక్రమించి, వ్యసన విముక్తి కేంద్రాన్ని తామే నడపసాగారు. హెరాయిన్‌కు బదులుగా మెథడోన్ అనే మరొక మత్తు మందును ఏళ్ళ తరబడి ఇస్తూ పోవడం వారికి నచ్చలేదు. వెన్ ప్రయోగాల సంగతి తెలిసి సూదులు నేర్చుకున్నారు. విద్యుత్తు లేకుండానే పని జరుగుతున్నదని గ్రహించారు. ఆ కేంద్రాన్ని తరువాత నడిపిన మానసిక వైద్యుడు మైఖేల్ స్మిత్, చెవిలోని ఐదు బిందువులతో ఒక పద్ధతిని స్థిరపరచారు. దానిని ఇతరులకు నేర్పడానికి 1985లో ఒక జాతీయ సంఘం ఏర్పడింది. నేడు ఎక్కడ చెవి సూదులతో వ్యసన చికిత్స అని విన్నా, అది చాలావరకు ఆ పేదల పేట నుండి వచ్చిన పద్ధతే.

పద్ధతి చాలా సులువైనది. వెంట్రుకంత సన్నని పొట్టి సూదులు, చెవికి ఐదు. చీనా వైద్యం ప్రకారం వాటిలో ఒకటి మనశ్శాంతికి, ఒకటి కాలేయానికి, ఒకటి మూత్రపిండానికి, ఒకటి ఊపిరితిత్తులకు, మరొకటి ఒంట్లోని ఉద్రేకాన్ని అదుపు చేసే నాడులకు సంబంధించినవి. పది పదిహేను మంది ఒకే గదిలో కుర్చీలలో గుండ్రంగా కూర్చుంటారు. ముప్పావు గంట వరకు ఎవరూ మాట్లాడరు. నీవు ఎందుకు తాగావు, ఎన్నిసార్లు మానావు అని ఎవరూ నిలదీయరు. తిరిగి తాగి వచ్చిన వానినీ బయటకు పంపరు, రేపు కూడా రమ్మంటారు. ఈ చివరి విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

ఇక ఫలితం మాటేమిటి? 1989లో అమెరికాలోని మిన్నెసోటాలో బులక్ అనే పరిశోధకుడు, ఎన్నిసార్లు మానినా మళ్ళీ తాగుడులో పడిన 80 మందిని రెండు జట్లు చేశారు. 40 మందికి సరైన బిందువులలో సూదులు గుచ్చారు, మిగిలిన 40 మందికి వాటికి దూరంగా గుచ్చారు. మొదటి జట్టులో 21 మంది చికిత్సను చివరివరకు పూర్తి చేశారు, రెండవ జట్టులో ఒక్కరే. ఈ ఫలితం లాన్సెట్ పత్రికలో వెలువడి లోకమంతా ప్రాకింది. నేడు మనవారు విని వస్తున్నది దాదాపుగా ఈ వార్తనే.

అయితే అదే బులక్ మరింత పెద్ద పరీక్ష జరిపారు. ఈసారి 503 మంది. ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. సరైన బిందువులలో గుచ్చినా, పక్కన గుచ్చినా, అసలు గుచ్చకున్నా తాగుడు విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఆయన ఆ మాటను దాచకుండా ప్రకటించారు. తన పూర్వపు కథనానికి విరుద్ధమైనదాన్ని తానే వెల్లడించిన ఉల్లేఖకుణ్ణి హదీసు విద్వాంసులు ఎంత గౌరవిస్తారో మద్రసాలో చదివినవారికి తెలుసు. ఈ వైద్యునిపట్ల మాకు అటువంటి గౌరవమే కలిగింది.

మరొక పరీక్ష కొకైన్ వ్యసనపరులపై జరిగింది. అమెరికాలోని ఆరు కేంద్రాలలో 620 మంది. ఆ ఫలితాలూ 2002లోనే వెలువడ్డాయి. ఒక జట్టుకు సరైన సూదులు, ఒక జట్టుకు పక్క సూదులు, మూడవ జట్టుకు సూదులే లేవు, ప్రశాంతమైన దృశ్యాలు చూపించి ఊరక కూర్చోబెట్టారు. మూడు జట్లలోనూ కొకైన్ వాడకం కొంత తగ్గింది. ఎవరికీ ఎవరికన్నా ఎక్కువ తగ్గలేదు.

దీని నుండి మేము గ్రహించినది ఇది. సూది వ్యసనాన్ని పెరికివేయదు, అలా చెప్పి డబ్బు తీసుకునేవారిని నమ్మరాదు. కాని సూదులున్నా లేకున్నా, రోజూ ఒక వేళకు వచ్చి, తనవంటి వారి మధ్య, తిట్లు లేని చోట, కొంతసేపు నిశ్శబ్దంగా కూర్చోవడం మనిషికి ఏదో ఒక మేలు చేస్తున్నట్టు కనిపిస్తున్నది. నిద్ర పట్టనివానికి, చేతులు ఆడక చిరాకుపడేవానికి ఆ ముప్పావు గంట ఊరటనిస్తే కాదనడానికి మేమెవరము? వైద్యునిచ్చే మందులకు తోడుగా ఉన్నంతవరకు దానిలో దోషం లేదు. వైద్యునికి బదులుగా అయితే మాత్రం ప్రాణాపాయం ఉన్నది.

ఆక్యుపంక్చర్ మన దేశానికి వచ్చిన దారి కూడా చిత్రమైనదే. మన తెలుగు పద్మశాలీలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సోలాపూర్‌లో పుట్టిన డాక్టర్ కోట్నీస్, 1938లో ఐదుగురు భారతీయ వైద్యుల బృందంతో చీనాకు వెళ్ళి, అక్కడే 1942లో మరణించారు. ఆ బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివరలో తిరిగి అక్కడికి వెళ్ళి ఈ విద్యను నేర్చుకుని కలకత్తాలో ఆరంభించారు. 2019లో కేంద్ర ప్రభుత్వం దీనిని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. మా పెద్దాపురానికి తాగుడు కొత్త కాదు. పక్కనున్న సామర్లకోటలో ఆంగ్లేయుల కాలంలోనే పంచదార కర్మాగారంతోపాటు సారా తయారీ సాగేది. ఆ సంస్థ పేరే దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. ‘అబ్కారీ’ ఫార్సీ మాట, ‘ఆల్కహాల్’ అన్నది అరబీలో సుర్మాకు చెప్పే ‘అల్ కుహ్ల్’ నుండి పుట్టినది. మన భాషల మాటలు పోయి పోయి ఎక్కడ చేరాయో! 1995లో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణాలు మూసిన ఆ రెండేళ్ళలో కూడా దాచుకుని తాగినవారిని మేమెరుగుదుము. ముస్లిం ఇళ్ళలో ఇది లేదని ఎవరైనా అంటే వాదించము. చెప్పులు విడిచే చోట ఆ ప్రశ్న అడిగేవారు వేరే ఊరినుండి రారు.

కొన్ని సంవత్సరాల క్రితం జరిగిన ఒక సంఘటన చెప్పక తప్పదు. ఒక ఇంటి పెద్దకొడుకు ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు. రమజాన్ నెలవంక కనిపించిన రాత్రి సీసా పారవేసి, స్నానం చేసి, తరావీహ్‌కు వచ్చాడు. తల్లి సంతోషంతో ఏడ్చింది. రెండవ రోజున చేతులు వణికాయి. మూడవ రాత్రి గోడపై పురుగులు ప్రాకుతున్నాయని అరుస్తూ, అక్కడ లేని మనుషులతో మాట్లాడసాగాడు. ఇంటివారు జిన్ను సోకిందనుకున్నారు. తావీజు కట్టించారు, ఆమిల్‌ను పిలిపించారు. తెల్లవారేసరికి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు కాకినాడకు తీసుకువెళితే, అల్లాహ్ దయవలన బతికాడు. అది జిన్ను కాదు. ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వచ్చే వ్యాధి. వైద్యులు దానిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మొదటి రెండు రోజులలో ఫిట్స్ రావచ్చు. రెండవ రోజు నుండి నాలుగవ రోజు వరకు మతిభ్రమ, జ్వరం, గుండెదడ రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. దీనికి నిర్ణీత మోతాదులో ఇచ్చి క్రమంగా తగ్గించే మందులున్నాయి, బి1 విటమిన్ ఇస్తారు. చెవిలో ఐదు సూదులు ఈ ప్రమాదాన్ని ఆపలేవు.

మద్యాన్ని నిషేధించిన ప్రభువు ఆ నిషేధాన్ని ఒక్క దినంలో అవతరింపజేయలేదు. దివ్యఖుర్ఆన్ మొదట దానిలో లాభం కన్న పాపం పెద్దదని తెలిపింది. తరువాత మత్తులో నమాజుకు దగ్గర కావద్దన్నది. ఐదు వేళల నమాజు పాటించేవానికి దానితో పగటి తాగుడు దాదాపు అసాధ్యమైంది. ఆ పిమ్మట సూరా మాయిదాలో పూర్తి నిషేధం వచ్చింది, మదీనా వీధులలో మద్యం పారింది. దీనిని బట్టి నేడు ఎవరైనా కొంచెం కొంచెంగా తాగుతూ మానవచ్చని అర్థం కాదు, నిషేధం పూర్తి అయినది. శరీరం మెల్లగా అలవాటు పడేలా వైద్యుడు మందు ఇస్తే, అది ధర్మానికి పరాయి పద్ధతి కాదని మాత్రమే మేము చెబుతున్నాము. ఆ చికిత్సలో ఉన్నవాడు రోగి. రోగికి ఉపవాసం నుండి మినహాయింపును ఖుర్ఆనే ఇచ్చింది, కోలుకున్నాక పూర్తి చేసుకోవచ్చు. కనుక మానదలచినవాడు నెలవంక కోసం ఎదురుచూడరాదు. రజబ్‌లోనే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికో, మరొక వైద్యుని వద్దకో వెళ్ళాలి. ఇంటినుండి అడుగు బయట పెట్టడానికి సంకోచించేవారు 14446 నంబరుకు ఫోను చేయవచ్చు, అది వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయవాణి.

హెరాయిన్ వంటి వాటి విషయంలో ప్రమాదం వేరు. వాటిని మానే బాధ భరించరానిదే కాని సాధారణంగా ప్రాణం తీయదు. కొన్నాళ్ళు మానినవాడు మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే మాత్రం శరీరం ఓర్వలేక శ్వాస ఆగిపోతుంది. రమజాన్ అంతా మాని ఈద్ రాత్రి స్నేహితులతో కూర్చునేవారి తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇళ్ళలో మేము గమనించిన పెద్ద అడ్డంకి లజ్జ. పరువు పోతుందని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళరు, ఇంట్లో మాత్రం పగలూ రాత్రీ శపిస్తారు. దైవప్రవక్త (సఅసం) కాలంలో తాగుడుకు పదేపదే శిక్ష పొందిన ఒక వ్యక్తి ఉండేవాడు. ఒకసారి అతనిని ఎవరో శపించగా, ప్రవక్త (సఅసం) వారించి, అతడు అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. ఇది సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనం. శిక్ష ఆగలేదు, శాపం ఆగింది. తిరిగి తాగి వచ్చిన వానిని కూడా రేపు రమ్మనే ఆ సౌత్ బ్రాంక్స్ గది గురించి చదివినప్పుడు మాకు ఈ హదీసే స్ఫురించింది.

ఇక అడిగిన ప్రశ్నలకు వస్తాము. చెవిలో సూదులు గుచ్చించుకుంటే ఉపవాసం భంగం కాదు. వాటి ద్వారా కడుపులోకి ఏదీ చేరదు, ఆహారం అందదు. ప్రవక్త (సఅసం) ఉపవాసంలో హిజామా చేయించుకున్నారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. హిజామా విషయంలో విద్వాంసుల మధ్య భేదాభిప్రాయం ఉన్నా, రక్తం తీయని సూదుల విషయం అంతకన్న తేలిక. గుచ్చే ముందు చెవిని స్పిరిట్‌తో తుడుస్తారు కదా, నమాజు మాటేమిటని ఒకరు అడిగారు. తాగుడు మానడానికి వెళ్ళి స్పిరిట్‌ను చూసి వెనక్కి వచ్చేశాడట పాపం. మన వద్ద ఆ స్పిరిట్ ఎక్కువగా చెరకు మడ్డి నుండి వస్తుంది, ద్రాక్ష నుండి కాదు. అటువంటిదానిని పైపూతగా వాడటానికి హనఫీ విద్వాంసులలో అనేకులు అనుమతించారు. మనసు ఒప్పనివాడు చెవి కడుక్కుని నమాజు చేయవచ్చు.

సూదులకు వెళ్ళేవారికి ఒక సూచన. రమజాన్‌లో ఆ చికిత్సకు పగటి వేళ కన్న ఇఫ్తార్ తరువాతి వేళ దొరికితే అదే ఎంచుకోవాలి. పగలు ఆకలిదప్పులు మనిషిని కట్టి ఉంచుతాయి. పాత స్నేహితుల ఫోన్లు మోగడం మగ్రిబ్ దాటిన తరువాతే మొదలవుతుంది.