సూపర్‌చార్జరు – ఇంజను ఓర్వగల బలమెంత?

మానవునికి వేగంపై గల మక్కువ ఈనాటిది కాదు. కర్మాగారం నుండి వచ్చిన కారు ఎంత వేగంగా పరుగెత్తినా, దానికి మరికొంత బలం చేకూర్చాలని యువకులు ఉబలాటపడుతూనే ఉంటారు. అట్టివారి దృష్టిని మొట్టమొదట ఆకర్షించే సాధనం సూపర్‌చార్జరు. దీనిని బిగించిన మామూలు ఇంజను నుండి ఎంత అశ్వశక్తి రాబట్టడం క్షేమకరం? ఒక్క అంకెతో జవాబు చెప్పేవారు ఎందరో ఉన్నారు. కాని ఆ అంకె వెనుకనున్న కారణాలు తెలియనిచో అది మేలుకన్న కీడే ఎక్కువ చేస్తుంది. ఆ కారణాలను విద్యార్థి మిత్రులకు వివరించడమే మా ఉద్దేశం.

తిత్తి చేసే పని

కమ్మరి కొలిమిలో నిప్పు రాజుకోవడానికి తిత్తితో గాలి ఊదుతాడు. తెలుగులో తిత్తి, ఉర్దూలో ధౌంకనీ అని పిలువబడే ఆ పనిముట్టుకూ సూపర్‌చార్జరుకూ దగ్గరి బంధుత్వం ఉంది. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలియంత్రం లోహాలను కరిగించే కొలుములకు ఉపయోగపడింది. తరువాతి కాలంలో ఆ నిర్మాణమే కారింజనులోకి ప్రవేశించింది. 1921లో మెర్సిడెస్ కంపెనీ సూపర్‌చార్జరు కార్లను ప్రజల ముందుంచింది.

మామూలు ఇంజను వాతావరణ పీడనంతోనే గాలిని పీల్చుకొంటుంది. ఆ పీడనం చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌన్లు. క్రాంక్‌షాఫ్టు నుండి బెల్టు ద్వారా తిరిగే సూపర్‌చార్జరు దీనికి మరి 7 పౌన్లు చేర్చినదనుకొందాం. అప్పుడు పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఎక్కువ గాలి చేరితే ఎక్కువ పెట్రోలును మండించవచ్చు; ఆ మేరకు బలమూ పెరుగుతుంది. అట్లయిన 100 అశ్వశక్తి 150 కావలెను గదా! కాని అట్లు జరగదు.

వేడి తెచ్చే చిక్కు

సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం అందరికీ అనుభవమే. నొక్కబడిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని సాధారణ రూట్స్ యంత్రం ఒకటిన్నర రెట్ల పీడనానికి నొక్కితే దాని ఉష్ణోగ్రత దాదాపు 100 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించడం వలన సిలిండరులోకి చేరే గాలి పరిమాణం 50 శాతం కాక, ఇంచుమించు 22 శాతం మాత్రమే పెరుగుతుంది. ఇంటర్‌కూలరు అమర్చి ఆ గాలిని 50 డిగ్రీలకు చల్లార్చగలిగితే లాభం 40 శాతం వరకు రావచ్చు. సూపర్‌చార్జరు తిరగడానికి ఖర్చయ్యే బలాన్ని ఇందులో నుండి తీసివేయాలి.

వేడివలన కలిగే నష్టం ఇంతటితో ఆగదు. ప్లగ్గు రగిల్చిన జ్వాల సిలిండరులో క్రమంగా వ్యాపించాలి. వేడి, పీడనం రెండూ మితిమీరినప్పుడు జ్వాల చేరకముందే మూలనున్న ఇంధనం తనంతట తాను భగ్గున పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అని పిలిచేది దీనినే. ఇది సుత్తితో పిస్టను తలపై మోదడం వంటిది. రింగుల మధ్యనుండే సన్నని అంచులు విరుగుతాయి. పిస్టనుకు చిల్లు పడవచ్చు. పెట్రోలు పాలు తగ్గి గాలి ఎక్కువైతే ప్రమాదం మరింత తీవ్రమవుతుంది. సూపర్‌చార్జరు బిగించిన ఇంజనులలో అనేకం నాశనమయ్యేది కేవలం బలం పెరిగినందువలన కాదు, ఈ నాకింగ్ వలననే.

ఏ భాగం ఎంత మోయగలదు?

80 మిల్లీమీటర్ల వ్యాసంగల పిస్టనుపై, పూర్తి బలంతో మండే క్షణాన, సుమారు 3 టన్నుల భారం పడుతుంది. సిలిండరులోని పీడనం 40 శాతం పెరిగితే అది 4 టన్నులు దాటుతుంది. పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంక్‌షాఫ్టు, హెడ్ గాస్కెటు, సిలిండరు బ్లాకు – అన్నీ ఆ భారాన్ని మోయాలి. వీటిలో ఏది ముందు ఓడిపోతుందో ఇంజనును బట్టి మారుతుంది.

అంతేకాక అశ్వశక్తి ఒక్కటే కొలమానం కాదు. 200 అశ్వశక్తిని నిమిషానికి 6,500 చుట్ల వద్ద రాబట్టడం వేరు, 4,000 చుట్ల వద్ద రాబట్టడం వేరు. రెండవ సందర్భంలో ఇంజను మెలిబలం, అనగా టార్కు, సుమారు 60 శాతం అధికం. ఒక్కొక్క పేలుడులో రాడ్డుపై పడే ఒత్తిడీ అధికమే. మరొకవైపు, చుట్లను 6,000 నుండి 7,000కు పెంచితే రాడ్డును సాగదీసే జడత్వబలం 36 శాతం పెరుగుతుంది. కాబట్టి సూపర్‌చార్జరు బిగించినవారు తయారీదారు నిర్ణయించిన చుట్ల హద్దును దాటకుండుట మంచిది.

అమెరికాలో ఫోర్డ్ ముస్టాంగ్ 5.0 లీటర్ల ఇంజను ఇందుకు మంచి ఉదాహరణ. 1987లో దాని బలం 225 అశ్వశక్తి. ఆనాటి పిస్టన్లు పోతపోసినవి కావు, ఫోర్జింగు పద్ధతిలో గట్టిగా తయారైనవి. అయినను బలాన్ని 500 అశ్వశక్తి ప్రాంతానికి పెంచినప్పుడు సిలిండరు బ్లాకే నిలువునా చీలిపోవడం అక్కడి మెకానిక్కులకు సుపరిచితమైన విషయం. పిస్టన్లు గట్టివైనంత మాత్రాన ఇంజను గట్టిదని భావించరాదు.

తయారీదారులు నేర్పే పాఠం

ఒకే ఇంజనును సూపర్‌చార్జరు లేకుండానూ, ఉంచినూ అమ్మిన కంపెనీలు కలవు. వాటి లెక్కలే మనకు ఉత్తమ గురువులు. టొయోటా ఎం.ఆర్.2 కారులోని 1.6 లీటర్ల ఇంజను అమెరికాలో 1985లో 112 అశ్వశక్తితో వచ్చింది; 1988లో సూపర్‌చార్జరుతో 145 అయింది. ఇందుకై కంపెనీ ఫోర్జ్‌డ్ పిస్టన్లను వాడి, కంప్రెషన్ నిష్పత్తిని 8కి దించి, ఇంటర్‌కూలరును అమర్చింది. జనరల్ మోటార్స్ వారి 3800 ఇంజనులో 205 అశ్వశక్తి 240 అయినప్పుడు కంప్రెషన్ నిష్పత్తి 9.4 నుండి 8.5కు తగ్గింది. 2003లో ఫోర్డ్ తన ముస్టాంగ్ కోబ్రాను 320 నుండి 390కి పెంచినప్పుడు అల్యూమినియం బ్లాకును తీసివేసి ఇనుప బ్లాకును పెట్టింది; రాడ్లనూ పిస్టన్లనూ మార్చింది.

ఈ మూడు పెంపుదలలు వరుసగా 29, 17, 22 శాతం. ప్రయోగశాలలూ నిపుణులూ తమ చేతిలో ఉన్న సంస్థలే భాగాలను మార్చికూడ 30 శాతం లోపల ఆగినప్పుడు, ఏ భాగమూ మార్చని మనం అంతకు మించి ఆశించడం వివేకమా?

మితం ఎక్కడ?

ఇల్లలకగానే పండుగ కానట్లే సూపర్‌చార్జరు బిగించగానే పని పూర్తి కాదు. ముందుగా ప్రతి సిలిండరు కంప్రెషనునూ పరీక్షించి ఇంజను ఆరోగ్యాన్ని తెలిసికోవాలి. పెరిగిన గాలికి తగిన పెట్రోలును పంపూ ఇంజెక్టర్లూ అందించగలవో లేదో చూడాలి. ప్లగ్గు రగిలే సమయాన్ని కొంత వెనుకకు జరపాలి. అధిక ఆక్టేన్ పెట్రోలు వాడాలి. ఇవన్నీ సమకూరిన ఆరోగ్యవంతమైన ఇంజనుకు 5, 6 పౌన్ల పీడనంతో 20 నుండి 30 శాతం అదనపు బలం సమంజసమైన హద్దని మా అభిప్రాయం. కంప్రెషన్ నిష్పత్తి 10 దాటిన ఇంజనులకు ఇంకా జాగ్రత్త అవసరం. క్లచ్చి, గేరుబాక్సు, బ్రేకులు పాత బలానికే తయారైనవని మరువరాదు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులపై ఆంక్షలు విధించిందన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

కొలిమి వద్ద కూర్చున్న కమ్మరికి తిత్తి ఎంత ఊదాలో తెలుసు. తక్కువైతే ఇనుము ఎర్రబడదు. అతిగా ఊదితే ఇనుమే కాలిపోతుంది. ఆ నేర్పు ఇంజను విషయంలోనూ అలవరచుకొన్నవారికి సూపర్‌చార్జరు చక్కని సేవకుడు కాగలదు.