ఉప్పునీటి అక్వేరియంలో నాచు వదలట్లేదా? మందు పోసే ముందు ఇవి చూసుకోండి!

వేలకు వేలు పోసి పెట్టుకున్న సముద్రపు అక్వేరియం. మొదటి నెల నీళ్లు అద్దంలా ఉంటాయి. రెండో నెల తిరిగేసరికి రాళ్ల మీద పచ్చటి జుట్టులాంటి నాచు, ఇసుక మీద ఎర్రటి పాచి. రంగురంగుల పగడాలు ముడుచుకుపోతాయి. కొత్తగా రీఫ్ ట్యాంక్ పెట్టిన చాలా ఇళ్లలో కనిపించే కథే ఇది. కొందరు విసిగిపోయి ట్యాంక్ అమ్మేస్తారు. ఇంకొందరు షాపుకెళ్లి నాచు మందు తెచ్చి పోసేస్తారు. ఈ రెండోది మరీ ప్రమాదం. మంచినీటి ట్యాంకుల కోసం అమ్మే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. చేపలు ఎలాగో తట్టుకున్నా నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు. పైగా ఆ రాగి రాళ్లలోకి, ఇసుకలోకి చేరి, తర్వాత కూడా కొంచెం కొంచెంగా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది.

అసలు తమాషా ఏంటంటే, చాలా పగడాలు బతికేదే నాచుతో. వాటి కణాల్లో కంటికి కనిపించని సూక్ష్మ నాచు ఉంటుంది. అది వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. అందుకే నాచునంతా చంపేస్తా, నీళ్లలో పోషకాలే లేకుండా చేస్తా అంటే ముందు పోయేది పగడమే.

జుట్టు నాచుకు ప్రధాన తిండి నైట్రేట్, ఫాస్ఫేట్. చేపలకు వేసే మేత, వాటి విసర్జన నుంచి ఇవి పుడతాయి. ఫ్రోజెన్ మేతను కరిగించి, జాలీలో కడిగి వేస్తే ఆ నీళ్లతో వచ్చే ఫాస్ఫేట్ కొంత తగ్గుతుంది. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేయాలి.

ఇక మన దగ్గర ఎక్కువమంది పట్టించుకోనిది నీళ్ల సంగతి. బోరు నీళ్లు సరేసరి. వంటింట్లో ఆర్వో ఉంది కదా అనుకుంటారు. కానీ చాలా ఇళ్ల ప్యూరిఫయర్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలరో, మినరల్ కాట్రిడ్జో పెడతారు. అంటే వడకట్టిన నీళ్లలోకి మళ్లీ లవణాలు కలుస్తాయి. 20 లీటర్ల వాటర్ క్యాన్ కూడా ఇందుకు పనికిరాదు. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ ఫిల్టర్ పెట్టుకుని, మీటర్ మీద టీడీఎస్ సున్నా చూపించాకే ఉప్పు కలపాలి. ఆవిరైన నీటికి బదులు పోసే నీళ్లూ ఇవే కావాలి. లేకపోతే ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, మలినాలు లోపలే పేరుకుంటాయి. విశాఖ బీచ్ నుంచి నీళ్లు మోసుకొచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. తీరం దగ్గర కాలుష్యం ఒకటి, వానాకాలంలో ఉప్పదనం పడిపోవడం ఇంకొకటి. సముద్రం నుంచి పగడపు రాళ్లు ఏరుకొస్తే అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

సున్నా వచ్చిందని సంబరపడొద్దు

టెస్ట్ కిట్‌లో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా వస్తే గెలిచేశామనుకుంటారు. సరిగ్గా అప్పుడే డైనోలు దిగుతాయి. గోధుమ రంగు చీమిడిలా సాగుతూ, మధ్యలో గాలి బుడగలతో ఉంటాయి. వీటిలో కొన్ని రకాలు విషపూరితం, గీకి తినే నత్తలు చచ్చిపోతాయి. జుట్టు నాచు కంటే వీటిని వదిలించుకోవడం చాలా కష్టం. అందుకే నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచుకుంటే మేలని అనుభవజ్ఞులు చెబుతుంటారు. ఫాస్ఫేట్ పీల్చే జీఎఫ్‌వో మీడియాను ఒకేసారి ఎక్కువగా వేసినా పగడాలకు షాకే. కొంచెంతో మొదలుపెట్టి, టెస్ట్ చేస్తూ పెంచాలి.

ఎర్రటి పాచి విషయానికొస్తే, అది నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా. నీటి ప్రవాహం అందని మూలల్లో తరచూ కనిపిస్తుంది. పంపు దిశ మార్చి, ఇసుక మీది పొరను పైపుతో లాగేస్తే చాలాసార్లు అదుపులోకొస్తుంది. మూడు రోజులు లైట్లు పూర్తిగా ఆపేసే పద్ధతి కూడా ఉంది. అయితే చచ్చిన పాచి కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది, ఎయిర్ పంపు నడపకపోతే తెల్లారేసరికి చేపలు తేలిపోవచ్చు. కొత్త ట్యాంకులో వచ్చే గోధుమ రంగు పొడిలాంటి డయాటమ్‌లకు మాత్రం కంగారు అక్కర్లేదు. సిలికేట్ అయిపోతే అవే పోతాయి.

జుట్టు నాచును ముందు చేత్తో పీకాలి, ఆ తర్వాతే నత్తలను దించాలి. టర్బో, ట్రోకస్ నత్తలు పొట్టి నాచునే బాగా తింటాయి, బారెడు పెరిగినదాన్ని పెద్దగా ముట్టవు. పక్కన చిన్న తొట్టిలో కీటో అనే నాచును పెంచి, రాత్రిపూట దానికి లైటు వేస్తే పోషకాలను అది లాక్కుంటుంది. పెరిగినదాన్ని కోసి పారేస్తే ఆ పోషకాలు ట్యాంక్ దాటినట్టే.

ఒక్క హెచ్చరిక. రాయిని బయటికి తీసి బ్రష్‌తో తోమే ముందు దాని మీద జోయాంథిడ్, పాలీథోవా రకం పగడాలున్నాయేమో చూడండి. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. నాచు పోతుందని ఇలాంటి రాళ్లపై వేడినీళ్లు పోసి, ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రిపాలైన కేసులు విదేశాల్లో వైద్య పత్రికలకెక్కాయి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలను దూరంగా ఉంచండి, వేడినీళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. ఊపిరాడకపోయినా, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, పగడపు రాళ్లు కడిగామన్న విషయం డాక్టర్‌కు చెప్పాలి.