వేరుశనగలో అఫ్లటాక్సిన్ కొలత: ఏ కాంతి పద్ధతి ఎప్పుడు మేలు?

వేరుశనగ గింజ పైకి శుభ్రంగా కనిపించినా అందులో అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ వంటి శిలీంధ్రాలు ఉత్పత్తి చేసే ఈ విషపదార్థం కాలేయ క్యాన్సర్‌కు కారకం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు మరణించగా, దాణాలోని వేరుశనగ పిండిని పరీక్షించినప్పుడు దీని ఉనికి వెల్లడైంది. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నియమం. కొలత తప్పితే మంచి సరుకు తిరస్కరణకు గురై రైతు నష్టపోతాడు, లేదా విషపూరితమైన సరుకు వినియోగదారుని చేరుతుంది. అందువలన కొలిచే పద్ధతి ఎంపిక కీలకం.

శోషణ పద్ధతి: ఎలీసా పరీక్షలో ఎంజైము చర్య వలన ఏర్పడిన రంగు ఎంత కాంతిని పీల్చుకున్నదో కొలుస్తారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వాడినప్పుడు ఏర్పడే పసుపు రంగును 405 నానోమీటర్ల వద్ద చదువుతారు. పోటీ ఎలీసాలో విషం పెరిగిన కొద్దీ రంగు తగ్గుతుంది. 96 గుంటల ప్లేటులో అనేక నమూనాలను ఒకేసారి పరీక్షించవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఇటువంటి చవకైన ఎలీసాను రూపొందించింది. అయితే విషం అత్యల్పంగా ఉన్నప్పుడు రంగులో తేడా స్వల్పం కాబట్టి కచ్చితత్వం తగ్గుతుంది.

ప్రతిదీప్తి పద్ధతి: అతినీలలోహిత కాంతి పడినప్పుడు బి రకం అఫ్లటాక్సిన్లు నీలి కాంతిని, జి రకం ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతాయి. హెచ్‌పీఎల్‌సీ పరికరంతో వీటిని విడదీసి ఒక్కొక్కదానిని కొలవవచ్చు. నీరు కలిసిన ద్రావణాలలో బి1, జి1ల దీప్తి మందగిస్తుంది కనుక రసాయన చర్యతో దానిని పెంచుతారు. గింజలోని ఇతర పదార్థాలు కూడా మెరిసే అవకాశమున్నందున సారాన్ని ముందుగా శుద్ధి చేయాలి.

రసాయన సందీప్తి పద్ధతి: ఎలీసాలోనే లూమినాల్ వాడితే రసాయన చర్య నుండి కాంతి వెలువడుతుంది. బయటి దీపం అవసరం లేదు కాబట్టి నేపథ్య కాంతి తక్కువ, సున్నితత్వం ఎక్కువ. కానీ వెలుగు కాలంతో మారుతుంది; అన్ని గుంటలనూ సమాన వ్యవధిలో చదవాలి.

ఎక్కువ నమూనాల ప్రాథమిక పరిశీలనకు శోషణ ఎలీసా, పరిమితికి సమీపంలో ఉన్న ఫలితాల నిర్ధారణకు హెచ్‌పీఎల్‌సీ తగినవి. అత్యల్ప మోతాదులను ఎలీసాతోనే గుర్తించవలసినప్పుడు సందీప్తి అనుకూలం. అయితే విషం కొద్ది గింజలలోనే కేంద్రీకృతమై ఉంటుంది. అందుచేత రాశిలోని పలుచోట్ల నుండి సేకరించిన నమూనా మొత్తాన్ని మెత్తగా పొడి చేసి, బాగా కలిపిన తరువాతనే పరీక్షకు తీయాలి. నమూనా సరికానిదైతే ఎంత సున్నితమైన పరికరమూ ఆ లోపాన్ని సరిదిద్దలేదు.