వార్తల్లో పదం: మెథనాల్

కల్తీ సారా మరణాల వార్త వచ్చిన ప్రతిసారీ వినిపించే పేరిది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మెథనాల్ కలిసిన సారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు.

రంగు లేని ఈ ద్రవం వాసనకూ రుచికీ సారాలోని ఇథనాల్‌లాగే ఉంటుంది. నాలుకతో పసిగట్టడం అసాధ్యం. అసలు విషం తయారయ్యేది తాగిన తర్వాతే. కాలేయం దాన్ని మొదట ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాతే బయటపడతాయి. అప్పటిదాకా మామూలు మత్తే అనుకుంటారు. ఫోమెపిజోల్ మందు, డయాలసిస్ ప్రాణం కాపాడగలవు. కానీ మన్యంలోని చింతపల్లి లోపలి గూడేల నుంచి లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం చేరేసరికే విలువైన గంటలు కరిగిపోతాయి. చూపు తేడాగా ఉందన్న క్షణమే ఆసుపత్రికి బయల్దేరాలి.

మన్యంలో కాచే ఇప్పసారాను ఈ వార్తలతో కలిపి అనుమానించడం అన్యాయం. ఇప్పపువ్వులోని చక్కెర పులిస్తే వచ్చేది ప్రధానంగా ఇథనాలే. సామూహిక మరణాలకు ఎక్కువగా కారణం, పరిశ్రమల మెథనాల్‌ను చవగ్గా కొని సారాలో కలిపే వ్యాపారం.

పండ్లలోని పెక్టిన్ నుంచీ మెథనాల్ పుడుతుంది. పండ్ల ద్వారా చేరే ఆ కొద్దిపాటిని శరీరం తట్టుకుంటుంది. ఫ్యాక్టరీల్లో మాత్రం ప్లైవుడ్ జిగురుకు, రంగులకు, బయోడీజిల్‌కు ఇది ముడిసరుకు.