అబద్ధాన్ని పట్టే విద్యలు

'డైనో క్రైసిస్ 2' వీడియో గేమ్ పూర్తయ్యాక, క్యాప్‌కామ్ సంస్థలో షింజి మికామి తన కింద పనిచేసే దర్శకుడు షు తకుమికి ఆరు నెలల గడువిచ్చి, నచ్చిన ఆట తయారు చేసుకోమన్నాడు. తకుమికి డిటెక్టివ్ కథలంటే ప్రాణం. సాక్షి చెప్పే మాటకూ చేతిలోని సాక్ష్యానికీ ఎక్కడ పొసగదో ఆటగాడే పట్టుకోవాలన్నది అతని ఆలోచన. అలాంటి పని డిటెక్టివ్ కన్నా లాయరుకే బాగా నప్పుతుందని కథానాయకుడికి నల్లకోటు పని అప్పగించాడు. 2001 అక్టోబరులో గేమ్ బాయ్ అడ్వాన్స్‌పై వచ్చిన ఆ ఆటే తర్వాత 'ఏస్ అటార్నీ'గా ప్రపంచానికి తెలిసింది.

మొదటి ఆటలో ఆ ఒక్క సూత్రమే బలం. 2002లో రెండో ఆటకు కొత్త విద్య తోడైంది. ఎదుటివాడు రహస్యం దాస్తుంటే, కథానాయకుడైన లాయరు ఫీనిక్స్ రైట్ దగ్గరున్న మహిమగల రాయి వల్ల ఆ ఎదుటివాడి చుట్టూ గొలుసులు, తాళాలు కనిపిస్తాయి. సరైన సాక్ష్యం చూపితేనే తాళం పగులుతుంది. దాంతో కోర్టులో సాగే వాదన దర్యాప్తులోకీ వచ్చింది.

2007లో అపోలో జస్టిస్ అనే కొత్త లాయరు వచ్చాడు. సాక్షి కంగారు పడితే అపోలో చేతి కంకణం బిగుసుకుంటుంది. అప్పుడు ఆటగాడు సాక్షి వేళ్లూ కళ్లూ దగ్గరగా గమనించి, ఏ మాట దగ్గర ఒళ్లు తడబడిందో చెప్పాలి. 2013లో వచ్చిన మరో లాయరు ఎథీనా సైక్స్ మనస్తత్వశాస్త్రం చదువుకుంది. గొంతులోని ఆనందం, కోపం, దుఃఖం, ఆశ్చర్యం వింటుంది. భయపడాల్సిన చోట సాక్షి సంతోషిస్తే అక్కడ ప్రశ్న పుడుతుంది. పాత్ర బతుకులోంచి విద్య పుట్టడమే ఈ ఆటల గొప్పదనం.

అయితే వీటిలో ఏదీ తనంతట తాను తీర్పు చెప్పదు. ఎక్కడ వెతకాలో మాత్రం చూపిస్తుంది. నిజమైన కోర్టుల్లోనూ ఈ జాగ్రత్త అవసరమే. అబద్ధాన్ని పట్టేందుకు వాడే పాలీగ్రాఫ్ చెమటనూ గుండె వేగాన్నీ కొలుస్తుంది. నిర్దోషికీ భయంతో చెమట పడుతుంది. 2010 మే 5న 'సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం' కేసులో, మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని సుప్రీంకోర్టు తేల్చింది.

అదే కర్ణాటకలో, తెలుగు మాట్లాడే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో ఇలాంటి ఆట కథ జరిగితే? అక్కడ లాయరు మామిడి మండీలో పెరిగిన పిల్ల కావచ్చు. సాక్ష్యంగా పెట్టిన కాయను ఆటగాడు తెరపై తిప్పి చూడాలి. తొడిమ దగ్గర సొన తడిగా ఉందా, ఎండిందా? నీలం ఆలస్యంగా వచ్చే రకం. మామిడి కాలం మొదట్లోనే పండిన నీలం కోశానని సాక్షి అంటే ఆ మాట నిలుస్తుందా? కాయ అబద్ధమని చెప్పదు, కాలం లెక్క అడుగుతుంది. ఆ లెక్కను రుజువు చేసే బాధ్యత ఆటగాడిదే. మన ఊళ్ల పనితనంలో ఇలాంటి విద్యలు ఎన్నో ఉన్నాయి. ఆటలు కట్టే మన పిల్లలు ముందుగా వెతకాల్సింది అక్కడే.