ఆవకాయ సరే, మందుల చీటీ ఏదీ?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అమ్మాయికి నెలలు నిండుతున్నాయంటే, ఇక్కడ పుట్టింట్లో నెల ముందే పొయ్యి వెలుగుతుంది. బాలింత కోసం శొంఠి పొడి, కాయం, వెల్లుల్లి కారం. అల్లుడికి ఇష్టమని సున్నుండలు. పక్కింటివాళ్ల అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు కాబట్టి వాళ్లిచ్చిన గోంగూర పచ్చడి ఒక కిలో. హాల్లో పెద్ద సూట్‌కేసులు నోళ్లు తెరుచుకుని పడుంటాయి. వచ్చినవాళ్లందరూ తొంగి చూసి ఓ సలహా చెప్పి వెళతారు.

పచ్చళ్ల దుకాణాలకూ ఈ సంగతి బాగా తెలుసు. అమెరికాకు అని చెబితే చాలు, మందపాటి కవర్లో పోసి, గాలి తీసి సీలు వేసి, దానిమీద ఇంకో కవరు తొడుగుతారు. గాలి తీయడానికి కారణం ఉంది. విమానం పైకెళ్లాక లోపలి గాలి ఒత్తిడి దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నట్టు తగ్గుతుంది. అప్పుడు కవర్లో మిగిలిన గాలి ఉబ్బి, నూనెను సందుల్లోంచి బయటికి నెడుతుంది. ఇంట్లో పెట్టిన ఆవకాయనైతే పైన తేలిన నూనె వంచేసి సర్దుకోవాలి. చేరాక కాచి చల్లార్చిన నూనె పోసుకుంటే సరి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే మనవడి కోసం కొన్న తెల్ల జుబ్బా ఎర్రగా దిగుతుంది.

తర్వాత బరువు. అమెరికా వెళ్లే చాలా విమానాల్లో ఎకానమీ ప్రయాణికులకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తారు. కొన్ని టికెట్ల మీద ఒక్కటే ఉంటుంది కాబట్టి ముందే చూసుకోవాలి. భార్యాభర్తలిద్దరికీ కలిపి 92 కిలోలంటే చాలా అనిపిస్తుంది గానీ, ఖాళీ పెట్టెలే ఒక్కొక్కటీ నాలుగైదు కిలోలు తూగుతాయి. చేతితో పట్టుకుని తూచే చిన్న కాటా ఉంటే మంచిది. లేకపోతే ఇంట్లో మనిషి బరువు చూసే మిషన్ మీద పెట్టెతో ఒకసారి, పెట్టె లేకుండా ఒకసారి నిలబడి తేడా తీస్తే చాలు. అరకిలో తక్కువగానే ఆపేయాలి. ఎయిర్‌పోర్టు కౌంటరు ముందు, వెనక క్యూ చూస్తుండగా, పెట్టె విప్పి కారప్పొడి బయటికి తీయడం ఏ పెద్దావిడకైనా బాధే.

ఏం పెట్టకూడదన్నదే అసలు తంటా. తాలింపుకని పచ్చి కరివేపాకు రెండు గుప్పెళ్లు పెట్టుకుంటే అమెరికా అధికారులు తీసి పారేస్తారు. వాళ్ల భయానికి అర్థముంది. కరివేప చెట్టు నిమ్మ, నారింజల కుటుంబానిదే. దానిమీద బతికే ఓ చిన్న పురుగు నారింజ తోటల్ని ఎండగట్టే తెగులును మోస్తుంది. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు కనిపించాక అక్కడి తోటలు కోలుకోలేనంతగా దెబ్బతిన్నాయి. మన బియ్యానికీ ఇలాంటి చిక్కే. ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో ప్రయాణికులు ఇండియా నుంచి బియ్యం తేవడాన్ని నిషేధించారు. పచ్చి పళ్లు, కూరగాయలు, కోడిమాంసం, మటన్ పచ్చళ్లు కూడా ఇంట్లో వదిలేయాల్సినవే. ఎండుకొబ్బరి చిప్పలకు ఇక్కడే అడ్డు పడుతుంది. నూనె ఎక్కువుండి తనంతట తానే వేడెక్కే సరుకుగా విమానయాన నిబంధనలు దాన్ని లెక్కగడతాయి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన మసాలాల్లో మామూలుగా వేసే గసగసాలు యూఏఈలో నిషిద్ధం, దొరికితే కేసవుతుంది.

అధికారి తిండి పదార్థాలు ఉన్నాయా అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు కంగారుపడి లేవంటారు. ఉన్నాయని చెప్పాలి. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు అని పేర్లు చెప్పినవాళ్ల దగ్గర కూడనిది దొరికితే తీసుకుని పంపేస్తారు. దాచి దొరికితే జరిమానా.

ఇంత శ్రద్ధగా సర్దే ఇంట్లో చివరికి మిగిలిపోయేది ఆ పెద్దవాళ్ల సొంత సంచి. బీపీ, షుగరు బిళ్లలు ప్రయాణం ముందు రాత్రి హడావిడిగా ఏదో డబ్బాలోకి చేరి, పెద్ద పెట్టెలో పడతాయి. ఆ పెట్టె రెండు రోజులు ఆలస్యమైతే? అన్నిటికన్నా ముందు సర్దాల్సింది చేతిసంచే. ఉండబోయే రోజులకు సరిపడా మందులు, విప్పని స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో సహా అందులో ఉండాలి. ఇన్సులిన్ అయితే పెద్ద పెట్టెలో అసలు పెట్టకూడదు. సామాన్ల అరలో గడ్డకడితే మళ్లీ పనికిరాదు. చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోవాలి. మనం జ్వరానికి వేసుకునే డోలో అక్కడివాళ్లకు తెలీదు. పారాసిటమాల్ అన్నా తెల్లమొహమే వేయొచ్చు. అమెరికాలో దాని పేరు అసిటమినోఫెన్. ఫోన్ పవర్ బ్యాంకు కూడా చేతిసంచిలోనే ఉండాలి.

విమానం మారాల్సి ఉంటే పిల్లలు ముందే విడమరచి చెప్పాల్సిన విషయం ఒకటుంది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. అక్కడ పెట్టెలు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, తర్వాతి విమానానికి మళ్లీ అప్పగించాలి. హైదరాబాద్‌లో చివరి ఊరి ట్యాగు వేశారు కదా అని వదిలేసి వెళితే పెట్టెలు అక్కడే నిలిచిపోతాయి. వీసా పదేళ్లకున్నా, ఎన్నాళ్లు ఉండొచ్చన్నది ఆ అధికారి ఇచ్చే తేదీని బట్టే ఉంటుంది. మామూలుగా ఆరు నెలలు. ఒంటిమీద ఎక్కువ బంగారంతో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే మన కస్టమ్స్ దగ్గర నగల వివరాలతో ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు అవి తమవేనని వాదించాల్సిన పని ఉండదు.

ఇంగ్లీషు రానివాళ్లు, నడక కష్టమైనవాళ్లు టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ అడగొచ్చు. దాన్ని తోసే మనిషి క్యూల్లో తోడుంటాడు, దారి చూపిస్తాడు. కాకపోతే ఒక్కోసారి భార్యనొకరు, భర్తనొకరు వేర్వేరు లిఫ్టుల్లో తీసుకెళ్లిపోతారు. అందుకే కూతురి ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, విమానం మారే ఊరు, మందుల పేర్లు పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసిన కాగితాలు రెండు తయారు చేయాలి. ఒకటి అమ్మ హ్యాండ్‌బ్యాగులో, రెండోది నాన్న చొక్కా జేబులో.